తియ్యడానికి వేసుకున్న గాజు

నా చిన్నప్పుడు మా వీధిలో ఎవరి ఇంట్లో పసిపిల్లలకి బొమ్మ కొన్నా, ఆ బొమ్మ ముందుగా మా మామ్మ నోట్లోకి వెళ్ళేది. ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, ఆవిడకి అది నవ్వులాట కాదు. కొత్త బొమ్మని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, పక్కపళ్ళ మధ్య పెట్టి ఒక్క కొరుకు కొరికేది. తరవాత నాలిక మీద రాసి, తెల్లచీర కొంగుతో తుడిచి, రంగు అంటిందేమో వెలుతురులో చూసేది. చక్రాలు, కళ్ళు, తోక, ఊడిపోయేవి ఏవైనా ఉంటే బొటనవేలితో లాగేది. ఆఖరికి నడుమెత్తు నుంచి గచ్చు మీద పడేసేది. కొన్నవాళ్ళు గుండె చిక్కబట్టుకుని నిలబడేవారు. బొమ్మ బతికితే "ఇయ్యొచ్చు" అనేది. బతక్కపోతే, "ఇది పెద్దోళ్ళ బొమ్మ, బీరువాలో ఎట్టుకోండి" అని వెనక్కి ఇచ్చేసేది. అలా విరిగిన బొమ్మలకి ఆవిడ ఎవరికీ ఏ రోజూ సంజాయిషీ చెప్పలేదు.

మామ్మంటే మా నాన్నకి అమ్మ. నర్సీపట్నంలో మా చర్చి సండేస్కూల్లో అందరికన్నా చిన్నపిల్లల తరగతి ఏళ్ళ తరబడి ఆవిడదే. పాలు మరవని పిల్లల్ని సైతం అక్కడ వదిలి తల్లులు ఆరాధనకి కూర్చునేవారు. అంతమంది పసివాళ్ళు లోపల ఉన్నా బయటికి ఏడుపు వినిపించేది కాదని ఆవిడకి పేరు. చర్చికి రానివాళ్ళు కూడా, సంతకి వచ్చినప్పుడు కొన్న బొమ్మల్ని మా అరుగు మీదికి తెచ్చి చూపించుకుని వెళ్ళేవారు.

ఖరీదైన బొమ్మంటే ఆవిడకి ఎందుకో చిన్నచూపు. మూత ఉన్న డబ్బా, చెక్క గరిటె, ఖాళీ దారపు రీళ్ళు గుచ్చిన దండ, తాటికాయలకి పుల్ల గుచ్చి చేసిన బండి, ఇలాంటివే ఆవిడ సిఫారసులు. వేసవిలో మగపిల్లలు మా గుమ్మం ముందు జీడిపిక్కలతో ఆడుతుంటే మాత్రం, ఆట అయ్యాక తనే వంగి ఒక్కో పిక్కా ఏరించేది. పచ్చి జీడిపిక్క పసిపిల్ల కొరికిందంటే పెదవులు పొక్కిపోతాయి. "మీ ఆట మీది, పసోళ్ళ నోరు పసోళ్ళది. బేగి ఏరండర్రా" అని కర్ర పట్టుకుని నిలబడేది.

మా ఇంట్లో ఆవిడ పళ్ళ కింద పడని బొమ్మ ఒక్కటే ఉండేది. అది నాది. సెల్యులాయిడ్ బొమ్మ, బంగారపు రంగు జుట్టు, పడుకోబెడితే కళ్ళు మూసుకునేది, నిలబెడితే తెరిచేది. నాకు నాలుగేళ్ళప్పుడు ఇచ్చారు. అది అద్దాల బీరువాలో పై అరలో ఉండేది. నేను దాన్ని ముట్టుకునేదాన్ని కాదు. వచ్చినవాళ్ళందరూ "ఎంత జాగర్తగా దాచుకుందో సూడండి గుంట" అని నన్ను మెచ్చుకునేవారు. నిజానికి నాకు ఆ బొమ్మంటే గిట్టేది కాదు. ఎందుకు ఆడుకోవని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మెప్పు ఊరికే వస్తుంటే వద్దనడం దేనికి!

నేను చెప్పే సంగతి నాకు తొమ్మిదేళ్ళప్పటిది. డెబ్బయ్యో దశకం చివరి రోజులు. అప్పటికి మా అమ్మ పోయి ఐదేళ్ళు. నాన్న కొయ్యూరు వైపు కలప డిపోలో పనిచేస్తూ శనివారం సాయంత్రం ఇంటికి వచ్చేవారు. వారమంతా ఇంట్లో మామ్మా, నేనూ.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. రోలుగుంట వైపు చెరుకు రైతుల ఇంటి పిల్ల. ఆవిడ భర్త లారీ డ్రైవరు, వెళ్ళాడంటే పదిహేను రోజులకి గానీ తిరిగి రాడు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, పైగా చెవుడు. పెళ్ళయ్యాక పట్టుబట్టి టీచరు ట్రైనింగు చదివిన మనిషి మా అక్క. ఆ జూన్‌లో కృష్ణదేవిపేట రోడ్డు మీద ఒక పల్లె బడిలో తాత్కాలిక ఉద్యోగం వచ్చింది. పొద్దున్న ఒకే ఒక్క బస్సు. అది తప్పితే బడికి చేరేసరికి సగం పూట అయిపోయేది. అక్కకి రెండేళ్ళు నిండిన కొడుకు, వాణ్ణి మేమంతా బుజ్జిగాడనే వాళ్ళం. వాణ్ణి పగలంతా మా మామ్మ చూసుకునేలా మాటయింది. పసిపిల్లల విషయంలో మామ్మకి మించిన వారు లేరు కదా అని అక్క నిశ్చింతగా ఉంది. మామ్మ అంతకన్నా నిశ్చింతగా ఉంది.

మా వైపు పసిపిల్లల్ని వదిలి వెళ్ళడానికి అప్పట్లో ఒకటే పద్ధతి, ఏమార్చడం. అదిగో కాకి అని ఒకరు చూపిస్తారు, ఇదిగో బొమ్మ అని ఇంకొకరు ఇస్తారు, ఆ సందులో తల్లి పెరటి గుమ్మం దాటేస్తుంది. చెప్పి వెళితే పిల్ల బెంగపెట్టుకుంటుందనీ, బయలుదేరేటప్పుడు ఏడుపు వినకూడదనీ అందరి నమ్మకం. హిందువులూ క్రైస్తవులూ అని తేడా లేదు, ఈ విషయంలో వీధంతా ఒకటే మతం.

మొదటి రోజున బుజ్జిగాడి కోసం వాళ్ళ నాన్న విశాఖపట్నంలో కొన్న కోతిబొమ్మ తెచ్చారు. కీ ఇస్తే రెండు చేతులతో తాళాలు వాయిస్తుంది. మామ్మ తన పరీక్ష పెట్టి, తాళాల అంచులు మొండివే అని ఒప్పుకుంది. కోతి టకటకా వాయించింది. బుజ్జిగాడు నోరు తెరుచుకుని చూశాడు. అక్క పెరట్లోంచి జారుకుని బస్సు అందుకుంది. కీ అయిపోయి కోతి ఆగిపోయింది, వాడు నవ్వుతూ వెనక్కి తిరిగి అమ్మకి చూపిద్దామనుకున్నాడు. అమ్మ లేదు. ఇల్లంతా వెతికాడు, పెరట్లో వెతికాడు, నీళ్ళ గోలెం వెనకాల కూడా చూశాడు. ఆ తరవాత మొదలుపెట్టిన ఏడుపు, నేను మధ్యాహ్నం బడి నుంచి అన్నానికి వచ్చేసరికి కూడా ఆగలేదు. గొంతు బొంగురుపోయింది, అంతే.

మర్నాడు కోతి పనిచెయ్యలేదు. రబ్బరు బాతు ఇచ్చారు. ఆ తరవాత లక్క బండి, ఆ తరవాత కాగితపు గాలిచక్రం. నేను తాటికాయల బండి చేసి పెట్టాను. ఒక్కో బొమ్మా ఒక్కో పొద్దుటికి పనికొచ్చేది. వారం తిరిగేసరికి సంగతి ఎంతదాకా వచ్చిందంటే, ఎవరి చేతిలోనైనా బొమ్మ కనిపించడం ఆలస్యం, బుజ్జిగాడు పరుగెత్తుకెళ్ళి వాళ్ళమ్మ కాళ్ళకి చుట్టుకుపోయేవాడు. చీర కుచ్చెళ్ళు పట్టుకున్నాడంటే ఇద్దరు మనుషులు లాగినా వదిలేవాడు కాదు. అక్కకి రెండుసార్లు బస్సు తప్పిపోయింది. బడిలో హెడ్మాస్టరు, ఇంకోసారి ఇలా జరిగితే వేరేవాళ్ళని వేసుకుంటామని చెప్పేశారు. ఆ వేరేవాళ్ళు కూడా ఎవరో తెలుసు, రోజూ బడి చుట్టూ తిరుగుతున్నారు.

మా మామ్మకి తలకొట్టేసినట్టయింది. జీవితంలో మొదటిసారి ఒక పసివాడు ఆవిడ చేతిలో ఊరుకోలేదు. చాలని చోట ఇంకో బొమ్మ, అదీ చాలకపోతే మరొకటి, ఇలా మా గదిలో బొమ్మలు కుప్పపడ్డాయి. వాడు వాటి వంక చూసేవాడే కాదు.

ఒక సాయంత్రం అక్క వచ్చి మా అరుగు మీద కూలబడింది. బుజ్జిగాడు ఒళ్ళో ఉన్నాడు. "నావల్ల కాదు మామ్మగారూ. సోమారం ఎల్లి మానేస్తానని సెప్పేస్తాను. వీడిలా ఎక్కిళ్ళు ఎట్టి ఏడుస్తుంటే నేనక్కడ పిల్లలకి పాఠం ఏటి సెప్తాను" అని కళ్ళొత్తుకుంది. ఆవిడ ఆ ట్రైనింగు కోసం అత్తింట్లో ఎన్ని మాటలు పడిందో వీధంతటికీ తెలుసు. మామ్మ నా వంక తిరిగి, "నీ బొమ్మ తే. కళ్ళు మూసి తెరుస్తాది కదా, దానికైనా ఊరుకుంటాడేమో" అంది.

నేను వెళ్ళి బీరువా తెరిచి బొమ్మ తెచ్చాను. గుమ్మంలో నన్నూ, నా చేతిలో బొమ్మనీ చూడగానే బుజ్జిగాడు కెవ్వుమన్నాడు. అప్పుడు వాళ్ళమ్మ ఎక్కడికీ వెళ్ళడం లేదు. సాయంత్రం, బస్సు లేదు, వాడు ఆవిడ ఒళ్ళోనే ఉన్నాడు. అయినా రెండు చేతులతో మెడ కరుచుకుని వణికిపోయాడు.

అక్కకి అర్థం కాలేదు. మామ్మకీ అర్థం కాలేదు. "ఏటైందిరా నీకు, బొమ్మేరా" అని మామ్మ అంటోంది. వీళ్ళకి ఇంత చిన్న సంగతి ఎందుకు తెలియడం లేదా అని నాకు వింతగా అనిపించింది.

"బొమ్మ ఇస్తే ఆళ్ళమ్మ ఎల్లిపోతాదని ఆడికి తెలుసు మామ్మా. నాకూ అలాగే ఇచ్చేరు కదా" అన్నాను.

దుఃఖంతో అన్నది కాదు. లెక్క తప్పు చేస్తున్నవాళ్ళకి పక్కనుంచి అందించినట్టు అన్నాను. బొమ్మని మళ్ళీ బీరువాలో పెట్టేసి వచ్చాను. వచ్చేసరికి మామ్మ అదే చోట, అలాగే కూర్చుని ఉంది. అక్క నా వంక చూసి తల దించుకుంది. మామ్మ, "రేపు కాదు గానీ ఎల్లుండి పెందరాళే తీసుకురా అమ్మా వీణ్ణి. పెరటి గుమ్మానికి గొళ్ళెం ఎట్టేస్తాను" అంది.

మర్నాడు ఆదివారం. మామ్మ చర్చి నుంచి వస్తూ దారిలో ఒక ప్లాస్టిక్ గాజు కొనుక్కొచ్చింది. ముదురు ఎరుపు, వెడల్పాటిది. ఇంటికొచ్చి అలవాటు చొప్పున పళ్ళతో కొరికింది, నేలకేసి కొట్టింది. తరవాత తన లక్క భరిణె తీసింది. మామూలుగా అలాంటి వాటిలో కుంకుమ పెట్టుకుంటారు. మా ఇంట్లో కుంకుమ వాడకం లేదు కాబట్టి ఆవిడ బొత్తాలు దాచుకునేది. అరచేతికన్నా వెడల్పుగా ఉండేది. బొత్తాలన్నీ వేరే సీసాలో పోసి, భరిణె కడిగి ఆరబెట్టింది.

సోమవారం పొద్దున్న అక్క చేతికి ఆ ఎర్రగాజు తొడిగింది. ఇక వెళ్ళేముందు దాన్ని బుజ్జిగాడు తీసి దాచుకోవాలి, సాయంత్రం వాడే మళ్ళీ తొడగాలి, ఇదీ ఆట. గాజు తియ్యడం అనే మాట చెవిటి అత్తగారికి ఎలా వినిపించిందో గానీ గోడవతల నుంచి లేచింది. "ఓలమ్మో, ముత్తైదు సేతి గాజు తీయిస్తారేటి! ఆడు రోడ్ల మీద లారీ తోలుకుంటుంటే!" అని గోల. మామ్మ గోడ దగ్గరికి వెళ్ళి, ఆవిడ చెవి దగ్గర గట్టిగా, "ఆ పిల్ల గాజులు ఆ పిల్లకి ఉన్నాయి వదినా. ఒక్కటీ తియ్యం. ఇది తియ్యడానికే ఏసుకున్న గాజు" అని చెప్పింది. ఆవిడ కోడలి మణికట్టు పట్టుకుని మట్టిగాజులన్నీ చూసుకుని అప్పుడు గానీ శాంతించలేదు.

అక్క బుజ్జిగాడి ముందు కూర్చుంది. వాడు రెండు చేతులతో గాజు లాగాడు. రాకపోతే అక్క కావాలని అమ్మో అబ్బో అంది. వాడు నవ్వాడు. గాజు వచ్చింది, భరిణెలో పెట్టాడు, మూత పెట్టాడు. "అమ్మ బడికెల్లి సాయంత్రం బస్సులో ఒస్తాది. నా గాజు నాకు ఇచ్చీ, సరేనా" అని చెప్పి అక్క లేచింది. వీధి గుమ్మంలోంచే వెళ్ళింది, వెనక్కి తిరిగి చెయ్యూపుతూ మరీ వెళ్ళింది.

వాడు ఏడ్చాడు. ఏడవలేదని చెబితే అబద్ధం. గుమ్మంలో నిలబడి వీధి చివరిదాకా చూస్తూ ఏడ్చాడు. ఇరుగుపొరుగు వచ్చి, "అదేటండీ, సూపించి పంపించేరు, కోతిబొమ్మ ఇవ్వండి" అన్నారు. మామ్మ వాణ్ణి చంకనేసుకుని, "ఏడవనీండి. అమ్మ ఎల్లింది కదా, ఏడుస్తాడు. ఎక్కడికెల్లిందో తెలుసు కాబట్టి ఎతుక్కోడు" అంది. నిజంగానే వాడు ఆ రోజు గోలెం వెనకాల వెతకలేదు. బస్సు హారన్ వినిపించాక దిగి వచ్చి భరిణె మూత తీశాడు. గాజు ఉంది. మూత పెట్టాడు. మళ్ళీ తీశాడు. ఉంది. మధ్యాహ్నం నేను వచ్చేసరికి కూడా అదే పని. మామ్మ పక్కన కూర్చుని బియ్యం ఏరుకుంటోంది.

సాయంత్రం అక్క వచ్చి చెయ్యి చాపింది. వాడు భరిణె తెచ్చి, గాజు తీసి, నాలుక బయటపెట్టి కష్టపడి తొడిగాడు. అక్క ఏడ్చింది. పెద్దవాళ్ళ వ్యవహారం తలకిందులుగా ఉంటుందని నాకప్పుడు అనిపించింది.

రానురాను ఏడుపు తగ్గి మూలుగయింది, మూలుగు పోయి చెయ్యి ఊపడమయింది. పక్కనపడ్డ బొమ్మలన్నీ ఒక్కొక్కటీ మళ్ళీ ఆటలోకి వచ్చాయి. రబ్బరు బాతుని భరిణెలో పెట్టి, 'డ' పలకడం రాక "బలికెల్లింది" అనేవాడు. మూత తీసి "ఒచ్చీసింది" అనేవాడు. కోతిని నిలబెట్టి దానికి కూడా చెప్పి వెళ్ళేవాడు, పెరట్లోకి. నేనూ వాడితో కలిసి ఎన్ని బొమ్మల్ని బడికి పంపించి ఇంటికి తెచ్చానో! మామ్మ బొమ్మల పరీక్ష మానలేదు గానీ, తెచ్చినవాళ్ళని కొత్తగా ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టింది. "ఇది ఆడుకోడానికి కొన్నారా, ఏమార్చడానికి కొన్నారా?" అని.

ఆ శీతాకాలంలో ఒక రోజు సాయంత్రం బస్సు రాలేదు. దారిలో చెడిపోయిందని ఎవరో చెప్పారు. బుజ్జిగాడు భరిణె ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. పొద్దు వాలిపోతోంది. "ఇదిగో ఒచ్చేస్తాదని సెప్పండి, లోపలికి తీసుకుపోండి" అని పక్కవాళ్ళు తొందరపెట్టారు. మామ్మ వాడి పక్కనే మెట్టు మీద కూర్చుని, "బస్సు పాడైపోయిందిరా. అమ్మ ఎప్పుడొస్తాదో నాకూ తెల్దు. ఒచ్చేదాకా ఇక్కడే కూసుందాం" అంది. వాడికి ఎంత అర్థమైందో తెలియదు. పెదవి వణికింది గానీ ఏడవలేదు. దీపాలు పెట్టేవేళకి బెల్లం దిమ్మలు వేసుకొచ్చే లారీలోంచి అక్క దిగింది. పరుగెత్తుకుంటూ వచ్చి చెయ్యి చాపింది. వాడు గాజు తొడిగి, అప్పుడు భోరుమన్నాడు.

వాళ్ళు ఇంటికి వెళ్ళిపోయారు. మామ్మ మెట్టు మీంచి లేవలేదు. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. నా వంక చూడకుండా, వీధి వంక చూస్తూ మా అమ్మ మాట ఎత్తింది.

మా అమ్మని విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిన రోజు నాకు కొంచెం గుర్తుంది. వీధిలో జీపు ఆగి ఉంది. మామ్మ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, పడుకోబెడితే కళ్ళు మూసుకుంటుంది చూడు అని ఆ బొమ్మ ఇచ్చింది. నేను దాన్ని పడుకోబెడుతూ, లేపుతూ ఉన్నాను. తిరిగి ఇంట్లోకి వచ్చేసరికి అమ్మ మంచం ఖాళీ. మళ్ళీ అమ్మని చూడలేదు. నాకు తెలిసింది అంతే. అమ్మ నాకు చెప్పకుండా వెళ్ళిపోయింది, ఐదేళ్ళూ నేను మోసిన మాట అదే. బొమ్మ మీద నా కోపం నిజానికి బొమ్మ మీద కాదు.

"మీ యమ్మ నిన్ను అడిగిందే" అంది మామ్మ. "జీపులో కూసోబెట్టేక, పాపని ఓసారి తెండి, సెప్పి ఎల్తాను అంది. రెండుసార్లు అడిగింది. నువ్వు ఏడుస్తావని, ఆ ఏడుపు సూస్తే అది ఎల్లలేదని, నేనే తేనేదు. పాప పడుకుందని సెప్పేను. ఆ బొమ్మ అప్పటికప్పుడు కొట్లోంచి తెప్పించింది. కొరికి సూడ్డానికి కూడా టైము నేకపోయింది."

ఆవిడ క్షమించమని అడగలేదు, అలా అడిగే మనిషి కాదు. నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. నేను అప్పుడు ఏడ్చాను, ఐదేళ్ళు ఆలస్యంగా. మామ్మ ఊరుకోమనలేదు.

మామ్మ పోయి చాలాకాలమైంది. అక్క ఆ బడి తరవాత పర్మినెంటు అయ్యి, ఎన్నో ఊళ్ళు తిరిగి, పెద్ద టీచరుగా రిటైరయింది. ఇప్పుడు నా ఇంట్లో రెండేళ్ళ మనవరాలు ఉంది. పొద్దున్నే నా కూతురు ఆఫీసుకి వెళ్ళేటప్పుడు, "అమ్మా, దానికి ఫోను పెట్టి ఇవ్వు, చూస్తూ ఉంటుంది, నేను వెనక నుంచి వెళ్ళిపోతాను" అంటుంది. నేను వినను. ముందు గుమ్మంలో నిలబడి, దాని మొహం చూసి చెప్పి వెళ్ళమంటాను. అది ఏడుస్తుంది. నా కూతురు నన్ను విసుక్కుంటుంది, ఎందుకమ్మా దాన్ని ఏడిపిస్తావు అని. ఏడిస్తే ఎత్తుకుంటాను. గుమ్మం దగ్గరే నిలబడి, దాని చెవిలో ఒక్క మాట చెబుతాను. మీ అమ్మ నీకు చెప్పే వెళ్ళింది అని. అది చెబుతున్న ప్రతిసారీ, వెనక ఎక్కడో జీపు ఆగి ఉంటుంది, అందులోంచి మా అమ్మ నన్ను అడుగుతూ ఉంటుంది.